ముక్కు దిబ్బడ వేసిన రాత్రి

(చెన్నై పాత మహాబలిపురం రోడ్డులోని ఒక నివాస సముదాయంలో, అక్కడి తెలుగు కుటుంబాలు ఆదివారం ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, పిల్లల వార్డులో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక నర్సు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు వచ్చి కూర్చోండి. పసిపిల్లలను ఎత్తుకుని వచ్చినవారికి ఆ గోడ వారగా జంపఖానా పరిచారు, అక్కడ హాయిగా కూర్చోవచ్చు. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకుపోనక్కరలేదు. 34 ఏళ్లు ఈ ఊళ్లో పిల్లల వార్డులో పనిచేశాను. గట్టిగా ఏడ్చే బిడ్డను చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. ఏడవడానికి కూడా ఓపిక లేని బిడ్డను చూస్తేనే భయం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు లిఫ్టు దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి అడిగింది: "సిస్టర్, ఐదు నెలల పాపకు జలుబు, ఏ మందు మంచిది?" ఆమెకు చెప్పిన మాటే మీ అందరికీ చెబుతున్నాను. ఏడాది లోపు బిడ్డ జలుబును తగ్గించే మందు లేదు. అలాగని చేయగలిగినది ఏమీ లేదని కాదు. చేయవలసినది చాలా ఉంది. ముక్కు తెరిపించాలి, పాలు లోపలికి పోయేలా చూడాలి, ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి. ఇవన్నీ పక్కన కూర్చుని, రాత్రి నిద్ర మానుకుని చేసే పనులు.

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే చాలు, ఈ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా "చళి, చళి" అనే మాట వినబడుతుంది. తమిళంలో జలుబుకూ కఫానికీ కలిపి ఆ ఒక్క మాటే. మనకు జలుబు ఉంది, పడిశం ఉంది, రొంప ఉంది, ముక్కు మూసుకుపోతే దిబ్బడ ఉంది. ఈ రోజు నేను దిబ్బడ గురించే ఎక్కువగా మాట్లాడతాను. ముక్కు కారుతుంటే చూసేవారికి బాధ. ముక్కు దిబ్బడ వేస్తే బిడ్డకు బాధ.

1989 నవంబరు. పెరంబూరులో అద్దె వాటాలో ఉండేవాళ్లం. మా పెద్దబ్బాయికి రెండో నెల. మూడు రోజులుగా వాన. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాడు ఏడుపు. చన్ను అందిస్తే ఆత్రంగా పట్టుకుంటాడు, రెండు గుక్కలు తాగుతాడు, వదిలేసి వెనక్కి విరుచుకుపోయి ఏడుస్తాడు. మళ్లీ పట్టుకుంటాడు, మళ్లీ వదిలేస్తాడు. అప్పటికి నేను వార్డులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. రోజూ ఎందరో పిల్లలకు సూదులు వేసేదాన్ని. అయినా ఆ రాత్రి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కడుపునొప్పి అనుకున్నాను. చెవిపోటు అనుకున్నాను. పాలు పడటం లేదేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది.

ఒంటిగంటకు మా అత్తగారు లేచి వచ్చారు. ఆవిడ బడి మొహం చూసినవారు కాదు. ఏడుగురిని కన్నారు, ఐదుగురు దక్కారు. దీపం వెలుతురులో పిల్లవాణ్ని కాసేపు అలా చూసి, "వాడికి ఆకలిగానే ఉంది. నోరు పాలకు ఇస్తే ఊపిరికి దారి ఏదమ్మా?" అన్నారు. పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, చిటికెడు ఉప్పు కలిపి, చల్లార్చి, మెత్తటి పాత పంచె కొస ముంచి, ముక్కు రంధ్రాల దగ్గర ఒక్కొక్క బొట్టు పిండారు. వాడు తుమ్మాడు. ఎండి అట్టకట్టిన చీమిడి మెత్తబడి బయటికి వచ్చింది. పంచె కొసతోనే తుడిచి నా ఒళ్లో పెట్టారు. ఒక్క పట్టున పాలు తాగి నిద్రపోయాడు. నేను నిద్రపోలేదు. మా వార్డులో డాక్టర్లు తల్లులకు చెప్పే మాట అదే. నేనూ వందసార్లు విన్నాను. నా బిడ్డ ముక్కు వైపు చూడాలని మాత్రం నాకు తట్టలేదు.

మా అత్తగారు గమనించిన విషయాన్ని వైద్యశాస్త్రం కూడా అలాగే చెబుతుంది. తొలి నాలుగైదు నెలలు పసిబిడ్డ దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. ఏడ్చేటప్పుడు తప్ప నోటి ఊపిరి ఆ వయసుకు అలవాటు కాదు. పాలు తాగడమంటే చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం ఒక వరుసలో సాగాలి. పెద్దవాళ్లమైతే మధ్యలో ఆగి నోటితో గాలి పీల్చుకుంటాం. చంటిబిడ్డకు ఆ వీలు లేదు. పైగా ఆ ముక్కు రంధ్రం ఎంత ఉంటుందో మీరు చూశారు కదా. అందులో లోపలి పొర కొంచెం వాచినా, కాస్త చీమిడి పేరుకున్నా దారి మూసుకుపోతుంది. అందుకే మనకు తుమ్ముతో పోయే జలుబు బిడ్డకు పాలు లేకుండా చేస్తుంది.

ఇంకొక సంగతి. జలుబు చలివల్లో, తల్లి పెరుగు తినడంవల్లో వచ్చేది కాదు. అది వైరస్. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. ఒకటి వచ్చి పోతే ఇంకొకటి. అందుకే చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలే. ఇంట్లో బడికి వెళ్లే అక్కో అన్నో ఉంటే ఇంకా ఎక్కువ. మీ బిడ్డ బలహీనంగా ఉందనీ, మీ పెంపకంలో లోపం ఉందనీ దాని అర్థం కాదు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఎక్కువగా ఉంటుంది, తర్వాత దిగుతుంది. పది రోజులు పట్టవచ్చు, దగ్గు మరికొన్ని రోజులు వెంట ఉండవచ్చు. మూడో రోజున చీమిడి పచ్చగా మారగానే యాంటీబయాటిక్ కోసం పరుగెత్తేవారున్నారు. రంగు మారడం జలుబు నడకలో ఒక భాగమే. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు.

ఇప్పుడు ఈ సీసా చూడండి. ఉప్పునీటి చుక్కలు. ఏ మందుల దుకాణంలోనైనా తక్కువ ధరకే దొరుకుతాయి. దీని మీద ఏమి రాసి ఉందో చదవడం నేర్చుకోండి. సోడియం క్లోరైడ్ 0.65 శాతం అని ఉండాలి, ఇంకేమీ ఉండకూడదు. ఇది రెండో సీసా. అదే పరిమాణం, అలాంటి మూతే. కానీ దీంట్లో ఉన్నది జైలోమెటాజోలిన్. ఇలాంటిదే ఆక్సీమెటాజోలిన్ అని ఇంకొకటి ఉంది. ఇవి పెద్దవాళ్ల ముక్కు దిబ్బడకు వాడేవి. రక్తనాళాలను బిగించి దారి తెరుస్తాయి. పసిబిడ్డ ముక్కులో వేస్తే ఒంట్లోకి ఇంకి బిడ్డ మత్తులోకి జారిపోవచ్చు, గుండె నెమ్మదించవచ్చు. ఒక తండ్రి ఆఫీసు నుంచి వస్తూ దుకాణంలో "ముక్కు చుక్కలు" అని మాత్రం అడిగి, ఇచ్చినది తెచ్చి రెండు నెలల పాపకు వేశాడు. పాప లేపినా లేవలేదు. రెండు రోజులు మా వార్డులో ఉంచుకుని పంపాం. ఆ రెండు రోజులూ ఆయన మంచం పక్క నుంచి కదల్లేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మీలో ఎవరికీ అలాంటి రోజు రాకూడదు. అందుకే రెండు సీసాలూ మీ మధ్యకు పంపుతున్నాను. చేతికి తీసుకుని చదివి పక్కవారికి అందించండి.

చుక్కలు వేసే పద్ధతి చెబుతాను. పాలు పట్టడానికి పది పదిహేను నిమిషాల ముందు వేయాలి. పాలు తాగిన వెంటనే వేస్తే బిడ్డ ఉక్కిరిబిక్కిరై తాగినదంతా కక్కేస్తుంది. సీసాను మీ గుప్పిట్లో కాసేపు పట్టుకుంటే చుక్కల చల్లదనం పోతుంది. బిడ్డను వెల్లకిలా మీ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, తల కొంచెం వెనక్కి వాలేలా చూసుకుని, ఒక్కొక్క రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేయండి. బిడ్డ గింజుకుంటుంది, ముఖం అటూ ఇటూ తిప్పుతుంది. అది నొప్పి కాదు, చిరాకు. మాట్లాడుతూ వేయండి. ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలోనే గట్టిపడినది కరుగుతుంది. తుమ్ము వస్తే మంచిదే. బయటికి వచ్చినది మెత్తటి నూలుగుడ్డను ఒత్తిలా చుట్టి తుడవండి. అగ్గిపుల్లకు దూది చుట్టి లోపలికి పెట్టకండి.

చీమిడి లాగే రబ్బరు బుడ్డి కొందరి దగ్గర ఉంటుంది. వాడవచ్చు. ముందు బుడ్డిని నొక్కి పట్టుకుని, అప్పుడు కొసను రంధ్రం మొదట్లో ఆనించి, మెల్లగా వదలాలి. ముక్కులో పెట్టాక నొక్కితే లోపలి చీమిడిని మరింత లోపలికి తోసినట్టే. రోజుకు మూడు నాలుగు సార్లకు మించితే లోపలి పొర ఒరుసుకుని ఇంకా వాస్తుంది. వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. నోటితో చీమిడి లాగడం, ముక్కులో ఊదడం మానండి. మీ నోట్లోని క్రిములు బిడ్డ ముక్కులోకి పోతాయి.

అర్ధరాత్రి చుక్కలు లేవు, దుకాణాలు మూశారు. ఏం చేయాలి? మా అత్తగారు చేసినదే, కొంచెం కొలతగా. పావు లీటరు నీళ్లు బాగా మరగనిచ్చి, అందులో అర టీచెంచా కంటే కొంచెం తక్కువ ఉప్పు కలిపి, మూత పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. ఆ రోజుకు ఆ రోజే చేసుకోవాలి. మిగిలినది పారబోయాలి.

ఇక సీసాల్లో దొరికే జలుబు మందులు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు గట్టిపడితే ఏమీ అనుకోకండి. 2025లో మనకు పక్కనే ఉన్న కాంచీపురం జిల్లాలో తయారైన ఒక దగ్గు సిరప్ మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాకు వెళ్లింది. దాంట్లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. ఇక్కడి ఔషధ నియంత్రణ శాఖ పరీక్షిస్తే 48.6 శాతం తేలింది. 20 మందికి పైగా చిన్నపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి చనిపోయారు. వాళ్లకు మొదట వచ్చింది మామూలు జలుబు, దగ్గు, జ్వరం. మందు వేయకపోతే వారం పది రోజుల్లో వాళ్లలో చాలామంది ఆడుకునేవారేమో! ఆ తల్లులు బిడ్డకు మంచి చేస్తున్నామనే చెంచాలో పోసి తాగించారు. నాకు అది తలచుకుంటే నిద్ర పట్టదు.

ఆ ఏడాది అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అన్ని రాష్ట్రాలకూ రాసింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు కూడా సాధారణంగా సిఫార్సు చేయరు. అంతకు ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపి జలుబుకు నోట్లో వేసే చుక్కల మందు నాలుగేళ్ల లోపు వారికి వాడకూడదని సీసా మీదే ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. మనలో చాలామంది ఇళ్లలో, ఫ్రిజ్ తలుపులో ఉండే చుక్కలు అవే. కల్తీ లేని మందయినా సరే, పసిబిడ్డకు ఉపయోగం కనబడలేదు, హాని మాత్రం ఉంది. ఇంటికి వెళ్లగానే ఆ తలుపు తెరిచి చూడండి. పోయినసారి అక్కకు రాసినది, పక్కింటివారు ఇచ్చినది, సగం మిగిలినది ఏదైనా ఉంటే తీసేయండి.

ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లు నన్ను క్షమించాలి. ఇప్పుడు చెప్పబోయేవి మీరు ప్రేమతో చేసేవి. ఆ ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. కానీ కర్పూరం సంగతి చెప్పక తప్పదు. కొబ్బరినూనె వేడిచేసి కర్పూరం కరిగించి ఛాతీకి, వీపుకు, ముక్కు దగ్గర రాస్తారు. పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. పసిబిడ్డ చర్మం పల్చన, ఆ కర్పూరం ఒంట్లోకి ఇంకుతుంది, వాసనతో కూడా లోపలికి పోతుంది. కొద్ది మోతాదుకే మూర్ఛ తెప్పించగల పదార్థం అది. ఇక్కడివారు మార్గళి నెల అనే ఆ చలి రోజుల్లో, జ్వరం లేని, నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మూర్ఛతో వార్డుకు వస్తే, మేము మొదట ఒంటి వాసన చూసేవాళ్లం. కర్పూరం వాసన వస్తే కారణం దొరికినట్టే. ఒక అమ్మమ్మగారు మంచం కోడు పట్టుకుని "నా చేతులతో నేనే రాశాను సిస్టర్" అని ఎంత ఏడ్చారో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ బిడ్డ బాగుపడింది. దుకాణంలో దొరికే మెంథాల్, కర్పూరం లేపనాలదీ ఇదే దారి. రెండేళ్ల లోపు వారికి వద్దు.

ముక్కులో నూనె చుక్కలు ఇంకా ప్రమాదం. నీళ్లు పొరపాటున ఊపిరితిత్తుల వైపు పోతే దగ్గు వచ్చి బయటికి తోస్తుంది. నూనె దగ్గును రానివ్వకుండా జారిపోతుంది. లోపల చేరి న్యుమోనియా తెస్తుంది, అది ఒక పట్టాన తగ్గదు. తలంటి పోసేటప్పుడు ముక్కులోనూ చెవిలోనూ నూనె పోసే అలవాటు మన వైపూ ఉంది, ఇక్కడా ఉంది. ఒంటికి నూనె రాయండి, మర్దన చేయండి, బిడ్డకు ఇష్టం కూడా. ముక్కు, చెవి వదిలేయండి.

తేనె ఏడాది నిండే దాకా ఒక్క చుక్క కూడా వద్దు. అందులో ఉండగల ఒక క్రిమి బీజాలు పసిపేగులో మొలిచి ఒళ్లంతా చచ్చుబడే జబ్బు తెస్తాయి. వస అరగదీసి నాలుకకు రాయడం, తమిళులు దాన్ని ముద్దుగా "పిల్లై వళర్ప్పాన్" అంటారు, బిడ్డను పెంచేది అని, అదీ వద్దు. ఆరు నెలల లోపు నోట్లోకి పాలు, డాక్టరు రాసిన మందు తప్ప ఇంకేమీ పోకూడదు. సాంబ్రాణి పొగ దేవుడి గది దాటి రానివ్వకండి. పొగ ఏదైనా పొగే, వాచిన ముక్కును ఇంకా వాపిస్తుంది. సిగరెట్ మాట చెప్పనక్కరలేదు. వాము వేయించి మూట కట్టడం మీకు ఇష్టమైతే బిడ్డ చేతికి అందనంత దూరంలో పెట్టుకోండి, ఒంటికి ఆనించకండి. ఆవిరి పట్టడం మాత్రం వద్దే వద్దు. ఈ ఊరి గాలిలో తేమకు కొదవ లేదు. మరిగే నీళ్ల గిన్నె దొర్లి కాలిన పిల్లల్ని నేను చూశాను, ఆ కట్లు మార్చాను.

ఇన్ని వద్దులు చెప్పాక మీ చేతుల్లో ఏమి మిగిలింది అని అడుగుతారు. చేతులే మిగిలాయి అమ్మా. బిడ్డను నిటారుగా భుజాన వేసుకోండి. ముక్కులో దిబ్బడ పడుకున్నప్పటికంటే ఎత్తుకున్నప్పుడు తక్కువ. మీ గుండె చప్పుడు, ఒంటి వెచ్చదనం, గొంతు దానికి తెలుసు. తండ్రులు కూడా చొక్కా తీసి ఛాతీ మీద పడుకోబెట్టుకోవచ్చు, మీరు మెలకువగా ఉన్నంతసేపు. మీకు కునుకు పడుతుంటే ఇంకొకరికి అందించండి. నిద్రపోయే బిడ్డను మాత్రం వెల్లకిలా, చదునైన పరుపు మీద పడుకోబెట్టండి. జలుబు కదా అని తల కింద దిండు పెడితే మెడ ముందుకు వంగి గాలి దారి ఇరుకవుతుంది. చీర ఉయ్యాలలోనూ అంతే, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. ఊపి జో కొట్టండి, నిద్ర పట్టాక పరుపు మీదికి మార్చండి.

పాల సంగతి. కడుపు నిండా ఒకేసారి తాగలేదు కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వండి. చన్ను పట్టలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. ఇక్కడివారి పాలాడై అదే, మా వార్డులో నెలలు నిండని పిల్లలకు దానితోనే పట్టేవాళ్లం. తల్లికి జలుబు ఉన్నా పాలు ఆపకూడదు. ఆమె ఒంట్లో ఆ వైరస్‌ను ఎదిరించే శక్తి తయారై పాలతోనే బిడ్డకు అందుతుంది. పాలు ఇచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, బిడ్డ ముఖం మీద తుమ్మకండి, అంతే. ఆరు నెలల లోపు విడిగా నీళ్లు అక్కరలేదు, ఈ ఊరి ఎండలోనైనా. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. తాగుతున్నది చాలుతోందో లేదో మూత్రం చెబుతుంది. ఆరేడు గంటలుగా గుడ్డ తడవకపోయినా, మాడు గుంట పడినా ఆలస్యం చేయకండి.

ఇప్పుడు ఊపిరి. ఈ ఒక్కటీ నేర్చుకుని వెళ్లండి. జలుబు ముక్కులో ఉందో, ఛాతీలోకి దిగిందో స్టెతస్కోపు లేకుండా తెలుసుకునే దారి ఇది. 1980లలో పాపువా న్యూగినీలో పనిచేసిన వైద్యులు ఊపిరి వేగం లెక్కపెడితే న్యుమోనియాను పట్టుకోవచ్చని చూపించారు. మన తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దాన్ని చదువురాని మంత్రసానుల చేతికి అందించారు. అంకెలు లెక్కపెట్టలేనివారి కోసం పూసలు గుచ్చిన ఒక చట్రం, దానికి ఒక నిమిషపు ఇసుక గడియారం. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా అని అనుమానించాలి. మీ అందరి చేతుల్లో గడియారం ఉన్న ఫోన్లు ఉన్నాయి.

జంపఖానా మీద ఆ బాబు నిద్రపోతున్నాడు కదా. అమ్మా, వాడికి ఎన్ని నెలలు? ఏడు. చొక్కా కొంచెం పైకి జరపండి, లేపకండి. పొట్టను చూడండి. పైకి లేచి దిగితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించకండి, పసిపిల్లల ఊపిరి ఒక తీరున ఉండదు, కాసేపు ఆగి కాసేపు గబగబా సాగుతుంది. ఎవరెవరికి కనబడుతోందో వాళ్లంతా లెక్కపెట్టండి. నేను గడియారం చూస్తాను. మొదలుపెట్టండి.

(ఒక నిమిషం నిశ్శబ్దం)

ఎన్ని? ముప్ఫై ఆరు. మీకు? ముప్ఫై ఎనిమిది. మీకు ఇరవై తొమ్మిది వచ్చిందా బాబూ, మీకు అడ్డంగా తల ఉంది, దగ్గరికి వచ్చి మళ్లీ చూడండి. ఒకటి రెండు తేడా ఉంటే ఫరవాలేదు. రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించితే, ఏడాది దాటాక ఐదేళ్ల దాకా 40 లేదా అంతకు మించితే, అది ముక్కు జలుబు కాదు. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకండి. ఎక్కువ వస్తే బిడ్డ కుదుటపడ్డాక ఇంకోసారి చూడండి. రెండోసారీ ఎక్కువే వస్తే ఆ రాత్రే డాక్టరు దగ్గరికి.

అంకెలతో పాటు కళ్లకు కనబడేవి ఉన్నాయి. డొక్కలు ఎగరేయడం, అంటే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడడం. ముక్కుపుటాలు విచ్చుకోవడం. ప్రతి ఊపిరికీ మూలుగు. పిల్లికూతలు. ముక్కులో గుర్రుగుర్రుమనే చప్పుడు వేరు, అది చుక్కలు వేస్తే తగ్గుతుంది. పెదవులు నీలంగా మారడం. పాలు అసలు పట్టకపోవడం, తాగినదంతా కక్కడం, మూర్ఛ. మొదట చెప్పానే, ఏడవడానికి ఓపిక లేకుండా సోలిపోయిన బిడ్డ. వీటిలో ఏది కనబడినా తెల్లవారే దాకా ఆగకూడదు. 108కి ఫోను చేయండి, లేదా కారు తీయండి. ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. మీకు దగ్గరలో పిల్లల అత్యవసర విభాగం ఎక్కడ ఉందో జబ్బు రాకముందే తెలుసుకుని ఉంచుకోండి. వానకు ఈ రోడ్డు మునిగితే ఏ దారిన వెళ్లాలో కూడా.

జ్వరం గురించి ఒక మాట. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చినా, దాటినా ఇంట్లో ఏ మందూ వేయకుండా నేరుగా ఆసుపత్రికి. చేత్తో చూసి చెప్పకండి, థర్మామీటరు కొనండి. పెద్ద పిల్లలకు డాక్టరు పారాసిటమాల్ రాస్తే అది చుక్కలా, సిరప్పా అని చూసుకోండి. చుక్కల్లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. 125 అని రాసి ఉండే సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125. అంటే చుక్కలు నాలుగు రెట్లు చిక్కన. సిరప్ కొలతతో చుక్కలు పోస్తే ఏమవుతుందో మీరే లెక్కవేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

(స్నానం చేయించవచ్చా అని ఒకరు అడిగారు.)

చేయించవచ్చు. బిడ్డ హుషారుగా ఉంటే గోరువెచ్చటి నీళ్లతో, తలుపు వేసి, త్వరగా ముగించి తుడిచేయండి. ఓపిక లేకుండా ఉంటే తడిగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత స్వెట్టరు, టోపీ, మేజోళ్లు అన్నీ ఒకేసారి తొడగకండి. మీకు ఒక చొక్కా చాలితే బిడ్డకు ఒకటిన్నర అనుకోండి. ఏసీ వేసుకోండి, 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా చూడండి.

(మందును సన్నటి తుంపరగా మార్చి పీల్పించే యంత్రం, నెబ్యులైజర్, కొనిపెట్టుకోవడం గురించి ఒకరు అడిగారు.)

డాక్టరు మీ బిడ్డకు రాస్తేనే. ముక్కు దిబ్బడకు అది పనిచేయదు. పక్కింట్లో ఉందని తెచ్చి పెట్టకండి.

(జలుబు ఉంటే టీకా వాయిదా వేయాలా?)

మంచి ప్రశ్న అడిగారు. మామూలు జలుబుకు వాయిదా అక్కరలేదు. పైగా ఛాతీలోకి దిగే జబ్బుల నుంచి కాపాడేవి ఆ టీకాలే. ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావలెంట్ టీకా దేశంలో మొదట మొదలైంది మన తమిళనాడులో, కేరళలో, 2011 డిసెంబరులో. న్యుమోనియా తెచ్చే ఒక బాక్టీరియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా 2021కల్లా దేశమంతా ఉచితంగా ఇస్తున్నారు. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. కార్డు తీసి చూసుకోండి, ఒకటి తప్పిపోయి ఉంటే రేపే వెళ్లండి.

(ఒక పెద్దావిడ: "మేము పెంచలేదా పిల్లల్ని? కర్పూరం రాసే పెంచాం.")

పెంచారు పిన్నిగారూ. మీ చేతుల మీద పెరిగినవారే ఈ గదిలో సగం మంది. రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిరిగే ఓపిక మీ దగ్గరే చూశాను. మా అత్తగారి ఉప్పునీళ్లు నేను వార్డులో వేలమంది తల్లులకు చెప్పాను. అదే మా అత్తగారు మా రెండోవాడికి కర్పూరం నూనె తెస్తే గిన్నె తీసి పక్కన పెట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే చుక్కల సీసా తెచ్చి, "ఇది నేను వేస్తాను, నువ్వు కాసేపు పడుకో" అన్నారు. మీరు కూడా అలా కూర్చోండి. మీ అమ్మాయి రేపు ఉదయం ఆఫీసుకు వెళ్లాలి. అర్ధరాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మీరు చూసుకుంటే ఆమెకు మూడు గంటల నిద్ర దక్కుతుంది.

ఇంకా ఎవరైనా... అదిగో, బాబు లేచాడు. మనం ఇందాక లెక్కపెట్టిన బాబే. పెదవులు చప్పరిస్తున్నాడు చూడండి. అమ్మా, ముందు వాడి ముక్కు తుడిచి పాలు పట్టండి. మిగతా ప్రశ్నలు నేను కింద టీ దగ్గర చెబుతాను.